హారతికి ముందు తియ్యాల్సిన తలుపు

ఇప్పుడు నేను ఏ చెరువు గట్టు మీద పనికి వెళ్ళినా ముందు మోటారు గది తలుపు బార్లా తీయిస్తాను. కిటికీ ఉంటే అది కూడా. తర్వాత మెయిన్ ఆపుతాను. ఆ తర్వాతే నా సంచిలోంచి స్ప్రే డబ్బా బయటికి వస్తుంది. కొట్టడం అయ్యాక పావుగంట సేపు ఎవరినీ లోపలికి రానివ్వను, నేనూ వెళ్ళను. "ఏంటండీ మేస్త్రీగారూ, డబ్బాలో దెయ్యం ఉన్నట్టు చేస్తారు" అని ఒక రైతు ఎగతాళి చేశాడు. ఉందండీ అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నాకు కోపం ఎక్కువని మా వైపు అందరికీ తెలుసు. బీడీ కాలుస్తూ మోటారు గదిలోకి వచ్చినాయన్ని ఒకసారి రెక్క పట్టుకుని బయటికి లాగేశాను. పాపం, వయసులో నాకన్నా పెద్దాయన. ఆ కోపంలో సగం ఆయన మీద కాదు, నా మీద నాకున్నదే. ఆ సంగతి ఇన్నాళ్ళూ కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద మోటార్లు, ప్యానెల్ బోర్డులు బాగుచెయ్యడం నా పని. ఇరవై ఏళ్ళు దాటింది. చెరువులో నీళ్ళని చిలుకుతూ తిరిగే ఏరియేటర్లు ఉంటాయి కదా, అవి ఆగితే రొయ్యకి ఊపిరి ఆడదు. మబ్బు పట్టిన రోజైతే మరీ కష్టం. గంటా రెండు గంటల్లో రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకి చేరతాయి. ఇంకాసేపు చూస్తూ కూర్చుంటే మూడు నెలల పంట నీళ్ళ మీద తెల్లగా కనిపిస్తుంది. అందుకే మాకు ఫోన్లు వచ్చేటప్పుడు అవతలి గొంతు మామూలుగా ఉండదు.

ఆ మోటార్లకి శత్రువు ఉప్పు గాలి. బోర్డులో రాగి ముక్కల మీద పచ్చటి చిలుము పట్టి, కరెంటు అందక మోటారు ఆగిపోతుంది. పూర్వం గరుకు కాగితం పెట్టి రుద్దేవాళ్ళం. తర్వాత కాంటాక్ట్ క్లీనర్ అని స్ప్రే డబ్బాలు వచ్చాయి. నొక్కితే బుస్సుమని సన్నటి జల్లు పడుతుంది, మురికి కరిగి కారిపోతుంది, చూస్తూ ఉండగానే తడి ఆరిపోతుంది. నాకు భలే ముచ్చటగా ఉండేది. ఆరిపోయిన ఆ తడి ఎక్కడికి పోతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఎక్కడికీ పోదు. ఆవిరై ఆ గదిలోనే ఉంటుంది. గాలి కన్నా బరువు కాబట్టి పైకి లేవదు, నేల మీదే పరుచుకుని కూర్చుంటుంది. గాలి ఆడకపోతే ఎంతసేపైనా కూర్చుంటుంది. దానికి ఒక్క అగ్గిపుల్ల చాలు. పుల్ల కూడా అక్కర్లేదు, స్విచ్ వేసినప్పుడు బోర్డులో లేచే చిన్న నిప్పురవ్వ చాలు.

ఇదంతా నాకు తెలియదని రాస్తే అబద్ధం అవుతుంది. డబ్బా మీద మంట బొమ్మ ఉంటుంది. అమ్మిన షాపాయన మొదటి రోజే చెప్పాడు, నిప్పు దగ్గర పెట్టకండి, ఎండలో వదలకండి, అయిపోయినా సరే చిల్లు పెట్టకండి, చెత్త మంటలో వెయ్యకండి అని. ఒక మే నెలలో బండి పెట్టెలో డబ్బా మర్చిపోయి మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే, అది పేలి పెట్టె మూత రోడ్డు అవతల పడింది. ఆ రోజు దాని గురించి ఊరంతా కథలుగా చెప్పుకున్నాను. భయపడాల్సిన చోట గొప్పలు పోయాను. చూసి కూడా బుద్ధి తెచ్చుకోని రకం నేను.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. మోటారు బాగుచేశాక ఊరికే స్విచ్ వెయ్యరు. ప్యానెల్ బోర్డు తలుపు లోపలి వైపు అమ్మవారి బొమ్మ అతికించి, పసుపు రాసి బొట్టు పెట్టి ఉంచుతారు. పని అయిపోగానే ఆ బొమ్మకి కర్పూర హారతి ఇచ్చి, అందరూ కళ్ళకి అద్దుకుని, అప్పుడు కరెంటు వేస్తారు. చెరువు మీద ఆడమనిషి ఉంటే ఆవిడ చేతే ఇప్పిస్తారు. నేను దాన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను. ఉప్పు నీళ్ళ మధ్య కరెంటుతో పని చేసే వాడికి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది. స్ప్రే రాకముందు ఆ హారతి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. స్ప్రే వచ్చాక కూడా చాలా ఏళ్ళు ఏమీ కాలేదు. ఎందుకంటే నాకు పని అయ్యాక బయటికొచ్చి గట్టు మీద టీ తాగే అలవాటు. ఈలోగా గదిలోకి గాలి ఆడేది. మమ్మల్ని కాపాడింది నా తెలివి కాదు, ఆ టీ.

ఈ సంగతి జరిగిన చెరువు మీద కాపలాకి ఒక మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. గట్టు మీదే వాళ్ళ మకాం. ఆమె నన్ను అన్నయ్యగారూ అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. మేత చల్లడం, వల తనిఖీ చెయ్యడం, మోటారు చప్పుడులో తేడా పట్టుకోవడం అన్నీ ఆమెకే బాగా వచ్చు. భర్త మంచివాడే, కానీ కొంచెం నెమ్మది. నాకు ఫోన్ చేసి ఫలానా మోటారు గొంతు మారింది అని చెప్పేది ఎప్పుడూ ఆమే. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం. రెండు రోజులుగా ముసురు. నేను వెళ్ళేసరికి నాలుగు ఏరియేటర్లూ ఆగిపోయి ఉన్నాయి, రొయ్య అప్పుడే గట్టు పక్కకి చేరుతోంది. ఆమె భర్తా, చెరువు యజమాని అయిన ఆసామీ అవతలి చెరువు దగ్గర జనరేటరు తెప్పించే హడావుడిలో ఉన్నారు. రేకుల గదిలో నేనూ ఆమే. వాన గాలికి ఏటవాలుగా లోపలికి కొడుతోందని తలుపు వేసి గడియ పెట్టాను. మెయిన్ ఆపి డబ్బా తీశాను. మామూలుగా అయితే నాలుగు సార్లు నొక్కేవాణ్ణి. ఆ రోజు చిలుము దట్టంగా ఉందని, తొందరలో దాదాపు డబ్బా అంతా కొట్టేశాను. కారిన మందు బోర్డు అడుగున నేల మీద తడిగా కనిపిస్తూనే ఉంది.

"వాసన తలకెక్కుతోంది అన్నయ్యగారూ, తలుపు కాస్త తీద్దామా?" అంది ఆమె.

"వాన కొడితే బోర్డు మళ్ళీ తడుస్తుంది. ఏం కాదులే. నువ్వు హారతి సిద్ధం చెయ్యి."

ఆమె కదల్లేదు. "పొద్దున్నే ఫోనొచ్చిందండి. మా పాలివాళ్ళలో పెద్దాయన పోయారంట. నాకు మైల. మీరే ఇచ్చెయ్యండి."

నా చేతిలో స్క్రూలు, నోట్లో టెస్టరు. బయట రొయ్య తేలుతోంది. నాకు చిరాకేసింది. "అవన్నీ చూసుకుంటూ కూర్చుంటే పంట పోతుంది. నా చేతులు ఖాళీ లేవు. అమ్మవారు ఏమీ అనుకోదు, తొందరగా ఇవ్వు" అని కసిరాను.

ఆమె పళ్ళెం నేల మీద పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చుని, కర్పూరం బిళ్ళ పెట్టి అగ్గిపుల్ల గీసింది.

చప్పుడు పెద్దగా రాలేదు. గ్యాస్ పొయ్యి ఆలస్యంగా అంటుకున్నప్పుడు భుక్కుమంటుంది కదా, అలాంటిదే, గదంత పెద్దది. మంట నేల మీద నుంచి లేచింది. ఆమె చీర పాలిస్టరు. నేను నిలబడి ఉన్నాను కాబట్టి నాకు కనుబొమలూ చేతి మీద వెంట్రుకలూ మాత్రమే పోయాయి. ఆ గడియ తియ్యడానికి పట్టిన సమయం నా జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం. ఆమెని బయటికి లాగి వాన నీళ్ళలో, బురదలో దొర్లించాను. చీర కాలడం ఆగింది. ఆమె అరవలేదు. రెండు చేతులూ ముందుకి చాపి వానలో పెట్టి వాటినే చూసుకుంటూ ఉండిపోయింది.

జనం పరిగెత్తుకొచ్చే లోపల నేను ఒక పని చేశాను. గదిలోకి వెళ్ళి డబ్బా తీసి సంచిలో పెట్టేశాను. ఎవరూ చెప్పలేదు, ఆలోచించనూ లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఆమె చేతులు అలా ఉన్నప్పుడు నా చెయ్యి చేసిన పని అది.

ఆమెని భీమవరం ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. ప్రాణానికి భయం లేదన్నారు. వెంటనే నీళ్ళు పడడం మంచిదైందని డాక్టరు అన్నాడట. మొహం బాగానే దక్కింది, మెడ మీద ఒక పక్క కాలింది. చేతుల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఆసామి నన్ను పక్కకి పిలిచి, "అసలేమైంది మేస్త్రీ?" అని అడిగాడు.

"ఏమోనండీ. ఒక్కసారిగా మంట లేచింది" అన్నాను.

ఏమోనండీ. చిన్న మాట. దాంతో ఎంత పని జరిగిందో చెప్తాను. మొదట షార్ట్ సర్క్యూట్ అనుకున్నారు. మెయిన్ ఆపి ఉండగా షార్ట్ ఎలా అవుతుందని ఎవరో అడిగారు. రెండు రోజుల్లో మైల సంగతి బయటపడింది. అంతే, అందరికీ కావలసిన సమాధానం దొరికింది. మైల మనిషి హారతి ఇస్తే అమ్మవారు ఊరుకుంటుందా అన్నారు. ఆ మాట మొదట గట్టు మీద పుట్టింది, తర్వాత ఊళ్ళోకి వెళ్ళింది, చివరికి ఆసుపత్రి మంచం దాకా వెళ్ళింది. నేను విన్నాను. వినగానే నాకు కలిగింది బాధ కాదు, ఊరట. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఇది రాయకపోతే మిగతాది రాయడం అనవసరం.

ఆసామి ఆ మకాంలోకి వేరే జంటని పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అచ్చిరాలేదని అన్నాడట. మొగుడూ పెళ్ళాం ఊళ్ళో ఆమె అత్తగారింటికి చేరారు. నేను రెండుసార్లు పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. ఆమె గుమ్మం పక్కన చాప మీద కూర్చుని, "మీకేమీ కాలేదు, అదే పదివేలు అన్నయ్యగారూ. నా తప్పుకి మీరు కూడా పోయేవారు" అంది. నేనే ఇవ్వమన్నానని, వద్దంటే కసిరానని ఎవరితోనైనా అందేమో అని భయపడుతూ వెళ్ళానా, ఆమె ఎవరితోనూ అనలేదు. నన్ను కాపాడుతోంది. నేను తల ఊపి, కాఫీ తాగి వచ్చేశాను.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. నా పని నేను చేసుకుంటూనే ఉన్నాను. తలుపులు తీయించడం మాత్రం మొదలుపెట్టాను. ఎందుకని ఎవరైనా అడిగితే, ఉక్కపోత అనేవాణ్ణి.

ఒక రోజు మా ఆవిడ పెళ్ళికి వెళ్ళొచ్చి, నగలు తీస్తూ చెప్పింది. ఆ పెళ్ళిలో ఆమె కూడా కనిపించిందట. పెళ్ళికూతురికి అక్షింతలు వెయ్యమని పళ్ళెం అందిస్తే చేతులు కొంగు కింద దాచుకుని, "నా చెయ్యి మంచిది కాదు వదినా, మీరు వెయ్యండి" అని వెనక్కి వెళ్ళిపోయిందట. ఇంట్లో దీపం కూడా అత్తగారు పెట్టనివ్వడం లేదట. ఆమె కూడా పెట్టనంటోందట. "పాపం, ఏ జన్మలో ఏం చేసుకుందో" అంది మా ఆవిడ.

"ఏ జన్మలోనూ ఏమీ చెయ్యలేదు. చేసింది నేను" అన్నాను.

మొత్తం చెప్పాను. మా ఆవిడ చెవి కమ్మ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రేపు పొద్దున్నే వెళ్ళండి. పళ్ళూ గిళ్ళూ పట్టుకెళ్ళకండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

వెళ్ళేటప్పుడు ఒక డబ్బా తీసుకెళ్ళాను. వాళ్ళ వాకిట్లో, ఆమె ముందూ భర్త ముందూ అరుగు మీద పెట్టాను. ఇందులో ఉన్నది నిప్పు తగిలితే అంటుకునే మందు అని చెప్పాను. డబ్బా దాదాపు అంతా కొట్టేశానని, ఆ ఆవిరి నేల మీద నిండి ఉందని, తలుపు వెయ్యడం వల్ల ఎక్కడికీ పోలేదని చెప్పాను. మైలలో ఉన్నవాళ్ళు గీసినా, శుద్ధిగా ఉన్నవాళ్ళు గీసినా, గుళ్ళో పూజారి గీసినా ఆ గది అలాగే అంటుకునేదని చెప్పాను. డబ్బా నేనే దాచానని కూడా చెప్పాను.

భర్త డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆమె మాత్రం నన్నే చూస్తోంది.

"ఆ రోజు నేను వాసన అన్నాను."

"అన్నావమ్మా."

"తలుపు తీద్దామన్నాను."

"అన్నావు."

"ఎనిమిది నెలలండీ" అంది. కాళ్ళ మీద పడదామని వంగాను. "వద్దు. అదొద్దు. మా అత్తయ్యగారు పెరట్లో ఉన్నారు. పిలుస్తాను. మళ్ళీ చెప్పండి" అంది.

ఆవిడ వచ్చి కూర్చుంది. మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. ముసలావిడకి కొంచెం చెవుడు, కేకేసి చెప్పాల్సి వచ్చింది. తప్పుని గుసగుసగా ఒప్పుకోవడం సులువు. కేకేసి ఒప్పుకోవాలంటే అప్పటికప్పుడు మాటల్లో మెత్తదనం అంతా పోతుంది. నా పొరపాటు అంటే ఆవిడకి వినపడలేదు. నా తప్పు అని అరిచాను.

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆమె చెప్పులు వేసుకుంది. "రండి" అంది. పక్కింటికి తీసుకెళ్ళింది. తర్వాత ఎదురింటికి. ఆ వీధిలో తలుపు తీసి ఉన్న ప్రతి ఇంటి ముందూ నన్ను నిలబెట్టి చెప్పించింది. తను ఒక్క మాట కూడా మాట్లాడలేదు, పక్కన నిలబడి విన్నది. ఇల్లు మారే కొద్దీ నా కథ చిన్నదవుతూ వచ్చింది. వాన సంగతి, తొందర సంగతి, రొయ్య తేలడం సంగతి రాలిపోయాయి. చివరికి మిగిలింది ఇంతే: మంట మందు నేను కొట్టాను, తలుపు నేను వేశాను, వద్దంటే నేనే గీయించాను, దాచాను.

ఒకావిడ జాలిపడి, "పోన్లెండి బాబూ, ఏదో జరగాల్సి ఉంది, జరిగిపోయింది" అంది.

అప్పుడు మాత్రం ఆమె నోరు విప్పింది. "ఏదో కాదు పిన్నిగారూ. ఏం జరిగిందో ఆయన చెప్పారు కదా. అదే చెప్పండి ఇంక ఎవరడిగినా."

మళ్ళీ వాళ్ళ వాకిట్లోకి వచ్చేసరికి సాయంత్రం అవుతోంది. నాకు నీళ్ళు కూడా ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ఆసామికి కూడా ఇవాళే వెళ్ళి చెప్తానన్నాను. "చెప్పండి" అంది. పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా అన్నయ్యగారూ అనలేదు. నేను సంచి తీసుకుని లేచాను.

ఇంతలో అత్తగారు లోపలి నుంచి ప్రమిదల పళ్ళెం పట్టుకుని వచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది. కోడలి ముందుకి వచ్చి అగ్గిపెట్టె చేతికి అందించింది. "అమ్మాయ్, వేళయింది. ఇవాళ నుంచీ నువ్వే పెట్టు. నేను అనకూడని మాటలన్నాను" అంది.

ఆమె అగ్గిపెట్టె అందుకుంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నొక్కితే పెట్టె తెరుచుకుంది. పుల్ల తియ్యబోయింది. వేళ్ళు అతుక్కుపోయి బిగుసుకున్నాయి, పుల్ల జారి అరుగు మీద పడింది. ఇంకొకటి తీసింది. అదీ పడింది. మేమెవరమూ వంగి తియ్యలేదు.

"పట్టు దొరకదు అత్తయ్యా" అని అగ్గిపెట్టె తిరిగి ఇచ్చేసింది. "మీరే వెలిగించండి."